నెల్లూరులో చిన్న పుస్తకం అచ్చు వేయించాలంటే: వేదసాక్షి షాండోర్ పుస్తకం వేసిన ప్రెస్సు గురించి

చర్చి విచారణల (పారిష్‌ల) వాళ్లకు, యువత సంఘాలకు, సొంతంగా కవితలో జ్ఞాపకాలో రాసుకుని నాలుగైదు వందల కాపీలు వేయించుకుందాం అనుకునే వాళ్లకు పనికొస్తుందని ఈ రివ్యూ రాస్తున్నాను. నెల్లూరు ట్రంకురోడ్డు మీంచి చిన్నబజారు వైపు లోపలికి పోతే సందుల్లో పాత ప్రెస్సులు ఇంకా కొన్ని మిగిలున్నాయి, వాటిలో ఒకదాని గురించి. పేరు పెట్టడం లేదు. పెడతానంటే యజమానే వద్దన్నారు, "వచ్చే పనికే మనుషులు చాలడం లేదు మేడమ్, పేరు ఎందుకులెండి" అని. శుభలేఖల షాపుల దగ్గర నిలబడి మూలన కాలితో తొక్కే పాత ట్రెడిల్ మెషిన్ ఉన్న ప్రెస్సు యాడ అని అడిగితే చూపిస్తారు.

మేము వేయించింది 32 పేజీల పుస్తకం. డెమ్మీ సైజు, లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లితో కాగితం మీద నలుపు ఒక్కటే, పైన ఆర్ట్ కార్డు మీద మల్టీకలర్ కవరు, మధ్యలో రెండు పిన్నులు. 500 కాపీలు. ధన్య స్టీఫెన్ షాండోర్ జీవితం. వాళ్ల భాషలో ఇష్త్వాన్ షాండోర్. హంగేరీ మనిషి, కతోలిక సన్యాస సభల్లో ఒకటైన సలేషియన్ సభలో బ్రదర్, చేతిపని అచ్చుపని. 1953 జూన్ 8న అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం ఆయన్ని ఉరితీసింది. విశ్వాసం కోసం ప్రాణమిచ్చాడు కాబట్టే వేదసాక్షి. అరవై ఏళ్ల తర్వాత, 2013 అక్టోబర్ 19న, బుడాపెస్ట్‌లో ధన్యుడిగా ప్రకటించారు, అంటే పునీతుడికి ముందు మెట్టు.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నామో చెప్తేగానీ ఈ ప్రెస్సు నాకు అంతగా ఎందుకు నచ్చిందో అర్థం కాదు. మాది కావలి వైపు ఆర్సీఎం (రోమన్ కతోలిక) విచారణ. మా యువత సంఘంలో సగం మంది శ్రీసిటీ కంపెనీల్లోనో రొయ్యల ప్లాంట్లలోనో షిఫ్టులు చేసే పిల్లలే. ప్రతి ఏడూ పండుగకు ఒక పునీతుడి మీద చిన్న పుస్తకం పంచుతాం. ఈసారి వాళ్లే అడిగారు, ఎప్పుడూ బిషప్పులు, ఫాదర్లు, కన్యస్త్రీలేనా అక్కా, మెషిన్ దగ్గర నిలబడి పనిచేసిన మనిషి ఎవరూ లేరా అని. నిజమే కదా. వెతుకుతుంటే షాండోర్ దొరికాడు.

బ్రదర్ అంటే ఫాదర్ కాబోయే అబ్బాయి అనుకుంటారు మనవాళ్లు. సలేషియన్ సభలో బ్రదర్ అనేది వేరే పిలుపు. మాటపట్టు ఇస్తారు, అంటే దేవుడికి సన్యాస ప్రమాణం చేస్తారు, సభలోనే జీవిస్తారు, కానీ గురుపట్టాభిషేకం ఉండదు, పూజ చెయ్యరు. వర్క్‌షాపులో, ప్రెస్సులో, పొలంలో, ఆటస్థలంలో వాళ్ల సేవ. ఆ సభ పెట్టిన డాన్ బోస్కో గారు 1860ల మొదట్లోనే ట్యూరిన్‌లో పేద పిల్లల కోసం ప్రెస్సు పెట్టించారు, అంతకు ముందే బైండింగు నేర్పించారు, కాబట్టి ఆ సభలో అచ్చుపనికి మొదటి నుంచీ పెద్ద మర్యాద.

షాండోర్ 1914 అక్టోబర్ 26న సోల్నోక్‌లో పుట్టాడు. తీసా నది ఒడ్డున ఉన్న ఊరు, పెద్ద రైల్వే జంక్షను. తండ్రి రైల్వేలో పని. మన బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన వాళ్లకు ఆ బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు, బడి అయ్యాక ఏదో ఒక చేతిపని నేర్చుకుని తొందరగా సంపాదనలో పడాలి. ఈయన కూడా లోహపు పని నేర్చుకున్నాడు. సలేషియన్ల పత్రిక చదివి డాన్ బోస్కో గురించి తెలుసుకున్నాడు. 1936లో బుడాపెస్ట్ శివారు రాకోష్‌పలోటాలో ఉన్న క్లారిస్సెయుం అనే సలేషియన్ గృహానికి వచ్చాడు. అచ్చుపని నేర్చుకున్నది అక్కడే. మధ్యలో సైన్యంలోకి పిలిచారు, నోవిషియేటు, అంటే మాటపట్టుకు ముందు తర్ఫీదు, ఆగి మళ్లీ మొదలైంది, 1940 సెప్టెంబర్ 8న, మరియమ్మ గారి జన్మదిన పండుగ నాడు, మొదటి మాటపట్టు. తర్వాత మళ్లీ యుద్ధం. యుద్ధం అయ్యాక తిరిగొచ్చి 1946 జూలై 24న శాశ్వత మాటపట్టు ఇచ్చాడు.

ఆ తర్వాతి మూడు నాలుగేళ్ల గురించి చదువుతుంటే నాకు భలే సంతోషం వేసింది. పెద్ద కార్యం ఏదీ లేదు. ప్రెస్సులో కుర్రాళ్లకు పని నేర్పడం, గుడిలో పీఠం సర్దడం, పీఠ బాలకులకు తర్ఫీదు ఇవ్వడం, సాయంత్రాలు పిల్లలతో ఆటలు, కార్మిక యువకుల సంఘం పనులు. మాస్టర్ ప్రింటర్ అయ్యాడు. అంతే. ఇలాంటి మనిషి ఏ ప్రభుత్వానికైనా ఎందుకు అడ్డం వస్తాడు అని మా సంఘంలో ఒక పిల్ల అడిగింది, జవాబు ఆ దేశంలో అప్పుడు జరిగిన సంగతుల్లోనే ఉంది. 1948 జూన్‌లో మతసంస్థల బడులన్నీ ప్రభుత్వం తీసేసుకుంది. అదే డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాడు, హంగేరీ కతోలికులకు పెద్ద అయిన కార్డినల్ మిండ్‌సెంటి గారిని అరెస్టు చేశారు, 1949 ఫిబ్రవరిలో యావజ్జీవ శిక్ష వేశారు. 1950లో సన్యాస సభలన్నిటినీ దాదాపు రద్దు చేశారు. గృహాలు పోయాయి, ప్రెస్సు పోయింది. మాత్యాష్ రాకోషి అధికారంలో ఉన్నాడు, ఏవీహెచ్ అనే రహస్య పోలీసుల చేతిలో దేశం ఉంది. పిల్లల్ని ఎవరు పెంచాలి, ఎవరి మాట వాళ్లు వినాలి అన్నదే గొడవంతా. కుర్రాళ్లు ఒక ప్రింటర్ మాట వింటున్నారంటే ఆ పోలీసులకు అది చిన్న విషయం కాదు.

షాండోర్ ఏం చేశాడంటే, బుడాపెస్ట్‌లో ఒక సబ్బు పొడి ఫ్యాక్టరీలో పేరు మార్చుకుని కూలికి చేరాడు. పగలు ఫ్యాక్టరీ, తీరిక దొరికినప్పుడు రహస్యంగా తన పాత శిష్యుల్ని కలవడం, జ్ఞానోపదేశం, ప్రార్థన. దేశం దాటిపొమ్మని పెద్దలు ఏర్పాట్లు కూడా చేశారు. పోలేదు. పిల్లల్ని వదిలి పోనన్నాడు. ఇది రాసేటప్పుడు మా వాళ్లలో ఒకబ్బాయి, ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చి కూర్చున్నవాడు, "షిఫ్టు దిగాక మనకు అన్నం తినే ఓపికే ఉండదు, ఈయన మళ్లీ పిల్లల దగ్గరికి పోయేవాడా" అన్నాడు. నాకు ఆ మాటే పుస్తకం మొత్తానికి ఊపిరి అనిపించి, ఆ భాగం ఇంకో పేజీ పెంచి రాయించాను.

1952 జూలై 28న అరెస్టు. ఆయనతో పాటు ఇంకొందరు సలేషియన్లను, యువకుల్ని కూడా పట్టుకున్నారు. సైనిక కోర్టులో మూసిన తలుపుల వెనక విచారణ. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా కుట్ర, దేశద్రోహం అని ఆరోపణ. ఉరి. వయసు 38. స్టాలిన్ చనిపోయింది ఆ ఏడాది మార్చి 5న, రాకోషి ప్రధాని పదవి పోయి ఇమ్రె నాజ్ వచ్చింది జూలై 4న. మధ్యలో జూన్ 8న ఈయన ప్రాణం తీశారు. ఒక్క నెల కూడా తేడా లేదు.

ఇదీ పుస్తకం. ఇంక ప్రెస్సు.

ఇక్కడికి రాకముందు వేరే ఊళ్లో ఒక ప్రెస్సుకు నవదిన ప్రార్థనల పుస్తకం ఇచ్చి చాలా బాధపడ్డాం. అయిదో రోజు ప్రార్థన ఏడో రోజు దగ్గర పడింది, రెండు పేజీల్లో 'ప్రభువా' అన్న చోటల్లా వత్తు లేదు. అడిగితే ప్రూఫు మీరే ఓకే చేశారు కదా అన్నారు. మేము ఓకే చేసిన ప్రూఫులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, తర్వాత ఫైలు మార్చినప్పుడు పోయాయి. అచ్చు వేసే ముందు అక్కడ ఒక్క మనిషి కూడా ఒక్క పేజీ చదవలేదు. అందుకే ఈసారి ప్రెస్సు వెతికేటప్పుడు రేటు కంటే ముందు నేను అడిగిన ప్రశ్న, మీ దగ్గర చదివేవాళ్లు ఉన్నారా అని. చాలాచోట్ల ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఇక్కడ యజమాని లోపలికి చెయ్యి చూపించి, "ఉన్నారు, పెద్దాయన చదవందే మా దగ్గర ప్లేటుకు పోదు" అన్నారు.

ముందు డీటీపీ సంగతి. తెలుగులో మనం ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, ప్రెస్సుల్లో ఇప్పటికీ ఎక్కువగా అను ఫాంట్లే. కన్వర్ట్ చేసినప్పుడు మామూలు తెలుగు మాటలు బాగానే వస్తాయి, విదేశీ పేర్లు వచ్చాయంటే చచ్చిన చావే. 'ఇష్త్వాన్' అన్న పేరు చూడండి, ష కింద త వత్తు, దానికింద మళ్లీ వ వత్తు. కన్వర్ట్ అయ్యి వచ్చాక రెండు వత్తులూ ఒకదాని మీద ఒకటి పడి చిన్న నల్ల మచ్చలాగా కనిపించాయి. డీటీపీ చేసే అమ్మాయి ఆ మచ్చ మీద కర్సర్ పెట్టి, పెద్దది చేసి చూసి, త వత్తును కొంచెం ఎడమకు, వ వత్తును కుడికి కిందకు జరిపి, పై లైనుకు కింది లైనుకు మధ్య ఎడం అర పాయింటు పెంచింది. పుస్తకంలో ఆ పేరు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లూ చేత్తోనే సరిచేసింది. మేము అడగలేదు. అన్ని చోట్లా స్టీఫెన్ అని మార్చేద్దాం లేమ్మా అని నేనే అంటే, "ఆయన పేరు అదే కదా మేడమ్, ఉండనీయండి" అంది.

ఇక ప్రూఫు చదివే పెద్దాయన. లెటర్ ప్రెస్సు రోజుల్లో కంపోజిటర్, అంటే సీసం అక్షరాలు పేర్చే మనిషి. డెబ్బై దాటినాయి, కళ్లద్దాలకు తోడు భూతద్దం కూడా పెట్టుకుని చదువుతారు. ఎదురుగా నిలబడి చూశాను, వేలు లైను కింద పెట్టి పెదాలతో మెల్లగా చదువుతూ, తప్పు కనిపించిన చోట మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెడతారు. రెండోసారి కింది నుంచి పైకి చదువుతారు, ఎందుకంటే అర్థం వెంట పోతే కన్ను అక్షరాన్ని వదిలేస్తుందట. మేమంతా చూసి పంపిన కాపీలో ఆయన పట్టుకున్నవి ఎన్నో. ఒకచోట వాక్యం మధ్యలో కర్త మారిపోయింది, షాండోర్‌ను అరెస్టు చేసినట్టు కాకుండా షాండోర్ అరెస్టు చేసినట్టు వచ్చింది. ఆ ఒక్క తప్పు అలాగే పోయుంటే పుస్తకం పంచేవాళ్లం కాదు.

షాండోర్ అచ్చుపనివాడని చదివాక పెద్దాయనలో హుషారు వచ్చింది. నన్ను మూలనున్న ట్రెడిల్ దగ్గరికి తీసుకుపోయి, దానికి ఇప్పుడు నంబరింగ్, పెర్ఫొరేషన్ పనులే, బిల్లు పుస్తకాలకు, అయినా నూనె పెట్టి ఉంచారు, పక్కనే గోడకానించిన కేసుల్లో ఒక సొరుగు లాగి చూపించారు. సీసం అక్షరాలు. మన తెలుగుకు అక్షరం వేరు, గుణింతం వేరు, వత్తు వేరు, ఇంగ్లీషుకు ఒక జత కేసులతో అయిపోయే పని మనకు గోడ నిండా కేసులు కావాలి. ఎడమ చేతిలో స్టిక్కు (అక్షరాలు పేర్చే చిన్న పట్టీ) పట్టుకుని, తిరగేసి ఉన్న అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, సీసం ముక్క మీదుండే గీత వేలికి తగిలేలా పేర్చుకుంటూ పోవడం. అచ్చయ్యాక మళ్లీ అన్నిటినీ విప్పి ఏ గడిలోది ఆ గడిలో వెయ్యాలి, లేకపోతే రేపటి పని ఆగుతుంది. "మీ షాండోరూ కుర్రాళ్లకు ఇదే నేర్పి ఉంటాడమ్మా, దేశం ఏదైనా సీసం సీసమే, ఒళ్లంతా అదే వాసన" అన్నారు. చూపుడు వేలి కొసన చర్మం నున్నగా అరిగిపోయి ఉంది ఆయనకు. మా పుస్తకంలో అచ్చుపని గురించి రెండు వాక్యాలే ఉండేవి. ఆయన చెప్పిన తీరు చూశాక అరపేజీ చేశాం.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న విషయం. నెల్లూరు జిల్లా కమ్యూనిస్టు గాలి పీల్చిన జిల్లా. పుచ్చలపల్లి సుందరయ్య గారిది ఇక్కడి అలగానిపాడే. మా ఇళ్ల పక్కనే కూలిరేట్ల కోసం, భూమి కోసం ఎర్రజెండా పట్టుకుని తిరిగిన కుటుంబాలున్నాయి, వాళ్లంటే నాకు గౌరవం. ఈ పుస్తకం తీసుకుని ప్రెస్సుకు పోయేటప్పుడు నాకున్న టెన్షన్ అదే. పెద్దాయన మొదటి ప్రూఫు చేతిలో పెట్టి కూర్చోబెట్టి, "అమ్మా, నేను ఎర్రజెండా మనిషిని. సుందరయ్య గారి సభలకు కరపత్రాలు ఈ చేతులతోనే కంపోజ్ చేశా" అన్నారు. ఇంక పని జరగదేమో అనుకున్నా. ఆయన వేలు పెట్టి చూపించింది ఒక పేరా. మా పిల్లలు ఆవేశంగా రాసిన పేరా, కమ్యూనిస్టులు అలాంటివాళ్లు ఇలాంటివాళ్లు అని. "చంపింది ఎవరో పేరు పెట్టి రాయండి. రాకోషి ప్రభుత్వం, ఏవీహెచ్ పోలీసులు, సైనిక కోర్టు. అంతా ఒక గంపలో వేసి రాస్తే మా ఊళ్లో కూలోళ్ల కోసం జైలుకు పోయినోళ్లు కూడా అందులోకే వస్తారు, అది న్యాయం కాదు. అట్లాగని ఆ ప్రభుత్వం కమ్యూనిస్టు ప్రభుత్వం కాదని కూడా రాయొద్దు. అయ్యింది అయ్యిందే." ఇదీ ఆయన సలహా. ఒక్క నేరాన్ని తగ్గించి రాయమనలేదు, ఒక్క తేదీ తీసేయమనలేదు. పైగా ఉరి సంగతి ఉన్న పేజీ చదివాక భూతద్దం పక్కన పెట్టి, "పనోడి రాజ్యం అని చెప్పి పనోడినే ఉరేశారా" అని చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆ పేరా ఆయన చెప్పినట్టే తిరగరాశాం. ఇప్పుడు చదివితే ముందుకన్నా గట్టిగా ఉంది. మన విచారణల్లో వేదసాక్షుల మీద రాసేవాళ్లు చాలామంది ఎదుటివాళ్లను తిట్టడంలోనే సగం పేజీలు పోగొడతారు, ఆ మనిషి ఎలా బతికాడన్నది రెండు ముక్కల్లో ముగించేస్తారు. నాకది ఎప్పుడూ నచ్చదు. షాండోర్ విషయంలో బతుకే సాక్ష్యం.

ఇంకో సంగతి, పేజీల లెక్క. ఆఫ్‌సెట్‌లో పెద్ద షీటు మీద ఒక్కో వైపు ఎనిమిదేసి పేజీలు వేసి మడతలు పెడతారు, 16 పేజీలు ఒక ఫారం. మా కాపీ 30 పేజీలకు అయిపోయింది, రెండు పేజీలు ఖాళీ. చాలా ప్రెస్సుల్లో అడగను కూడా అడగరు, తెల్లగా వదిలేస్తారు. యజమాని ఫోన్ చేసి కాగితానికి మీరు డబ్బులిస్తున్నారు, ఏదైనా రాసి పంపండి అన్నారు. అలా ఆ రెండు పేజీల్లోకి అల్బేనియా వచ్చింది. మదర్ తెరెసా గారి రక్తసంబంధం ఆ నేలతోనే. ఆమె తల్లి, అక్క టిరానాలో ఉండిపోయారు, అక్కడి ఎన్వర్ హోజా కమ్యూనిస్టు ప్రభుత్వం ఒకరినొకరు చూసుకోనివ్వలేదు, 1972లో తల్లి చనిపోయే దాకా ఆ కలయిక జరగనే లేదు. 1967లో ఆ దేశం తనను తాను నాస్తిక రాజ్యంగా ప్రకటించుకుని గుళ్లూ మసీదులూ అన్నీ మూసేసింది. అక్కడి 38 మంది వేదసాక్షులను 2016 నవంబర్ 5న ష్కోడర్‌లో ధన్యులుగా ప్రకటించారు. అందులో చెరీమ్ సాదికు అనే ఆయన ఫాదర్ కాదు, బ్రదర్ కాదు, పెళ్లయిన మామూలు గృహస్థుడు. 1946 మార్చి 4న ష్కోడర్‌లో కతోలిక శ్మశానం దగ్గర, జెస్యూట్ ఫాదర్లు ఫౌస్తీ, దాయాని, ఫ్రాన్సిస్కన్ ఫాదర్ ష్లాకు, గురువిద్యార్థి మార్క్ చూని, ఇంకో గృహస్థుడు జెలోష్ లులాషి, వీళ్లందరితో పాటు నిలబెట్టి కాల్చారు. మా విచారణలో పెళ్లయిన మగవాళ్లు ఎక్కువ మాట్లాడుకుంది ఈ రెండు పేజీల గురించే. సాదికు గురించి ఇంకా పెద్ద పుస్తకం రావాలి తెలుగులో.

నచ్చనివి కూడా చెప్పాలి. కవరు. లోపలి పేజీలు ఇక్కడే వేస్తారు, మల్టీకలర్ కవరు మాత్రం చెన్నై పంపించి వేయిస్తారు. ఆలస్యమంతా అక్కడే. చెప్పిన వారానికి రాలేదు, తర్వాత వారం కూడా అటూ ఇటూ అయింది, ఫోన్ చేసినప్పుడల్లా బండి ఎక్కింది అన్న మాటే. వచ్చాక చూస్తే షాండోర్ ఫోటో బాగా నల్లబడింది. పాత నలుపు తెలుపు ఫోటోను నాలుగు రంగుల్లో వేస్తే ఇంకు ఎక్కువ పడి కళ్ల దగ్గర నీడ మూసుకుపోతుంది, ఆ మాట యజమాని ముందే చెప్పి ఫోటోను కొంచెం తేల్చి పంపించి ఉండాల్సింది. ఆయన ఒప్పుకున్నారు. కవర్లు మళ్లీ వేయించాలంటే పండుగ దాటిపోతుంది, అందుకని బిల్లులో కవరు ఖర్చు సగం తగ్గించారు, లోపలి మొదటి పేజీలో అదే ఫోటోను నలుపులో శుభ్రంగా వేసి ఇచ్చారు. ఆ లోపలి ఫోటో మాత్రం చాలా బాగుంది, కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. మీరు ఫోటోలు ఇస్తే వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, సైజు తగ్గిపోతుంది. మెయిల్ చెయ్యండి, లేదా పెన్ డ్రైవ్ తీసుకుపోండి.

పిన్నింగు గట్టిగా ఉంది, కటింగు నేరుగా ఉంది. పిల్లలు వెనక్కి మడిచి చదివినా పేజీ ఊడలేదు. కాగితం చెప్పినదే వాడారు, నేను ముందు ఇచ్చిన శాంపిలుతో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. లామినేషన్ మ్యాట్ తీసుకున్నాం, గ్లాసీ అయితే ట్యూబులైటు కింద ఫోటో మీద మెరుపు కొడుతుంది. రేటు విషయానికొస్తే, ఒక్కో పుస్తకం పాతిక రూపాయల లోపే పడింది. ఆన్‌లైన్లో ఇంకా తక్కువకు వేసేవాళ్లున్నారు, కానీ ఆ రేటులో చదివే మనిషి ఉండడు. నేనైతే ఆ తేడా సంతోషంగా ఇస్తాను.

ఎవరికి ఈ ప్రెస్సు పనికిరాదో కూడా చెప్తా. యాభై కాపీలే కావాలంటే ఇక్కడికి రావద్దు, ప్లేట్ల ఖర్చే మోయలేరు, డిజిటల్ ప్రింటు షాపుకు పోండి. ఫోటోల ఆల్బం లాంటి పుస్తకానికీ వద్దు. రెండు రోజుల్లో కావాలి అనేవాళ్లు కూడా వద్దు, పెద్దాయన చదవడం తొందరపెట్టడానికి కుదరదు, తొందరపెడితే ఆయన కాపీ వెనక్కి ఇచ్చేస్తారు. ప్రార్థన పుస్తకాలు, జీవిత చరిత్రలు, పాటల పుస్తకాలు, పద్యాలు, స్థానిక చరిత్ర, ఇలాంటివి ఉన్నవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు. సగం డబ్బు ముందు తీసుకుంటారు, రసీదు ఇస్తారు, మిగతాది పుస్తకాలు చేతికొచ్చాకే.

మా 500 కాపీలు జూన్ 8 పూజ అయ్యాక పంచితే చాలావరకు అయిపోయాయి. కొన్ని పెద్దాయన అడిగి తీసుకున్నారు, పాత ప్రెస్సు మిత్రులకు ఇస్తానని, డబ్బులు ఇస్తే నేను తీసుకోలేదు. రెండో ముద్రణకు కవరు నలుపు తెలుపులోనే వేద్దామని అనుకుంటున్నాం, చెన్నై పంపే పని తప్పుతుంది, ఫోటో కూడా లోపలిది వచ్చినంత బాగా వస్తుంది. మీరు కూడా జూన్‌లో ఏదైనా పుస్తకం అనుకుంటే ఏప్రిల్ మొదట్లోనే కాపీ ఇచ్చెయ్యండి. మే వచ్చిందంటే పెళ్లి పత్రికల రద్దీ, అది తగ్గీ తగ్గకముందే బడుల ఫీజు పుస్తకాలు, డైరీలు మొదలవుతాయి, అప్పుడు మెషిన్ ఖాళీ ఉండదు.